వేడినీళ్ళ సత్రంలో సుధారాణి

జాబ్రియా, కువైట్
9 ఆగస్టు 1990, గురువారం

అక్కా,

ఆగస్టు రెండో తేదీ గురువారం ఉదయం ఐదున్నరకు ఇరాక్ సైనికులు మన వీధిలోకి వచ్చారు. దండాలూ క్షేమాలూ దీని తర్వాత రాస్తాను.

నేను బతికే ఉన్నాను. హజ్జా కూడా. మన యజమాని బాబా, ఆయన భార్య మామా, పిల్లలు నీతో జపాన్‌లో; ఇంత ఇంట్లో మామా తల్లీ నేనూ ఇద్దరమే. మొదటి చప్పుళ్ళు విని ఆమె ఎవరిదో పెళ్ళి అనుకుంది. నేను ఆమెను మంచం మీంచి దింపి, కిటికీలు లేని నడవలో పరుపు పరిచి పడుకోబెట్టాను. కుడి పక్క పడిపోయిన మనిషిని దింపడానికి మనిద్దరం కావాలి కదా. ఆ రోజు ఒక్కదాన్నే దింపాను. ఎట్లా దింపానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

నాలుగో రోజు ఇద్దరు సిపాయిలు గేటు తట్టారు. నీళ్ళడిగారు, ఇచ్చాను. తాగి, బాబా తెల్లకారు తాళాలు అడిగారు. అవీ ఇచ్చాను. అల్ రాయ్‌లో బాబా షోరూము అద్దాలు పగలగొట్టి కార్లన్నీ బస్రా వైపు తోలుకుపోయారని పక్కింటి రజియా బీ చెప్పింది. బాబాకు ఈ మాట భోజనం అయ్యాక చెప్పు.

ఫోను ఊళ్ళో పలుకుతుంది, దేశం దాటదు. పోస్టాఫీసు మూశారు. ఈ ఉత్తరం ఖాజా హుస్సేన్ అన్న చేతికి ఇస్తున్నాను. రాయచోటి మనిషే, షువైఖ్ నుంచి అమ్మాన్‌కు ట్రెయిలర్ తోలుతాడు. అమ్మాన్‌లో పోస్టు చేస్తానన్నాడు. వాళ్ళ గోడౌను చిరునామా వెనక రాశాను. నువ్వు అక్కడికి రాస్తే ట్రిప్పు వచ్చినప్పుడు నాకు తెచ్చిస్తాడు. నీ సత్రం చిరునామా ఫ్రిజ్ మీద బాబా అంటించిన కాగితంలో ఉంది. ఆ జపాన్ అక్షరాలను ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు చూసి గీశాను. చేరితే నా చెయ్యి మంచిదే.

మామా జపాన్‌కు నన్నే తీసుకుపోతానని వీసా కూడా నా పాస్‌పోర్టు మీద వేయించి, చివరి వారంలో నిన్ను బయల్దేరదీసింది. వీసాకు మళ్ళీ టైము లేదని బాబా, “ఇద్దరిదీ ఒకే మొహం, యల్లా, పద” అని నా పాస్‌పోర్టు మీదే నిన్ను విమానం ఎక్కించాడు. హజ్జా నన్ను వదలలేకపోయిందేమో అనుకున్నాను. పోనీలే అక్కా. ఇద్దరిలో ఒకరైనా ఈ చప్పుళ్ళకు దూరంగా ఉన్నారు. అక్కడ నిన్ను సుధారాణి అనే పిలుస్తున్నారా? పిలిస్తే పలుకుతున్నావా, పక్కవాళ్ళ వైపు చూస్తున్నావా?

మనవాళ్ళు బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఇండియాకు విమానాలు ఉంటాయంటున్నారు. పాస్‌పోర్టు కావాలి. నాది నీ దగ్గర ఉంది. నీది బాబా ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో ఉంది. తాళం బాబా జేబులో ఉంది. రెండో తాళం ఎక్కడైనా పెట్టాడేమో అడిగి రాయి. ఒకసారి నీ మొహం నాదని ఒప్పుకున్న లోకం, నా మొహం నీదని ఒప్పుకోదా?

నా బిడ్డ శివపార్వతికి దసరాకు ఆరు నిండుతాయి. మూడేళ్ళుగా చూడలేదు. సూరాయమ్మత్త రేడియో విని పిల్లకు ఏం చెబుతోందో. గాలివీడుకు నువ్వైనా ఒక కార్డు వెయ్యి, నేను బాగున్నానని.

వేడినీళ్ళ సంగతి రాయి. హజ్జా కూడా అడుగుతోంది.

నీ చెల్లెలు
సుధారాణి

సత్రం నుంచి
23 ఆగస్టు

సుధా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మాకు అన్నం పెట్టే అవ్వ దాన్ని పళ్ళెంలో పెట్టి, రెండు చేతులతో తెచ్చింది. కవరు మీద నువ్వు గీసిన అక్షరాలు చూసి సత్రం యజమానురాలు మొదట నవ్వింది. ఎక్కడి నుంచి వచ్చిందో బాబా చెప్పాక నవ్వు మానేసింది.

మాకు తెలిసింది రెండో తేదీ సాయంత్రం ఐదుకు, హాల్లో టీవీలో. భాష తెలియకపోయినా పటం చూసి మామా కూలబడింది. అప్పటి నుంచి హజ్జా పేరు తప్ప ఆమె నోట ఇంకో పేరు లేదు. బాబా కార్డు మూడో తేదీ నుంచి పనిచేయడం లేదు. ఐదున వెళ్ళిపోవలసిన వాళ్ళం ఇక్కడే ఉన్నాం. యజమానురాలు ఎప్పుడు పోతారని ఒక్కసారీ అడగలేదు.

అక్కడ ఐదున్నర అంటే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళకు నేనెక్కడున్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు. మెడదాకా వేడినీళ్ళలో ఉన్నాను.

నువ్వడిగావు కాబట్టి రాస్తాను. ఇది కొండల్లో ఊరు. నీళ్ళు భూమిలోంచి కాగి వస్తాయి, పొయ్యి లేదు. దగ్గరికి పోతే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వస్తుంది. ఇంట్లో మంచాలు లేవు. గడ్డితో అల్లిన చాపలే నేల. దాని మీద చెప్పులతో నడవకూడదు. కక్కసులో వేసుకునే చెప్పులు వేరే ఉంటాయి. మొదటి రోజు వాటితోనే భోజనాల గదిదాకా నడిచాను. అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పక్కకు జరిగే కాగితం తలుపు ఉంటుంది. అవ్వ దాని బయట మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో తలుపు జరిపి, తల నేలకు ఆనించి, అప్పుడు లోపలికి వస్తుంది. మామాకు ఎట్లా చేస్తుందో నాకూ అట్లాగే. ఆమెకు డెబ్బై ఏళ్ళుంటాయి. నేను లేచి పళ్ళెం అందుకోబోతే వద్దని చేత్తో ఆపుతుంది. పుట్టినాక నాకు ఇంకొకరు పక్క పరచడం ఇదే మొదలు. నిద్ర పట్టలేదు.

వాళ్ళ స్నానం అంగీ ఒకటిచ్చారు, చీరలాగే చుట్టుకోవాలి. నేను కుడి కొంగు పైకి వచ్చేలా చుట్టుకున్నాను. అవ్వ పరుగెత్తుకొచ్చి విప్పి, ఎడమది పైకి వేసి కట్టింది. ఎందుకని సైగ చేస్తే, కళ్ళు మూసి చేతులు రొమ్ము మీద పెట్టుకుని చూపించింది. కుడిది పైకి ఉండేది శవానికట. అది రెండో తేదీ పొద్దున.

స్నానానికి ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా కడుక్కుని, అప్పుడే తొట్టిలోకి దిగాలి. మామా మోకాళ్ళకు ఆ నీళ్ళు మంచివని డాక్టరు చెప్పాడు. మాకు గంటసేపు వేరే గది ఇస్తారు. మామాను పట్టుకుని దింపాలంటే నేనూ దిగాలి. లంగాతో దిగబోతే అవ్వ ఒప్పుకోలేదు.

గది బయట ఒక బోర్డు ఉంది, బొమ్మలతో. ఒంటి మీద పచ్చబొట్లు ఉన్నవాళ్ళు నీళ్ళలోకి దిగకూడదని. ఇక్కడ దొంగలూ రౌడీలూ పొడిపించుకుంటారట. నా జబ్బ మీద నీ పేరు ఉంది కదా. తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అవ్వ చూసింది. లోపలికి పోయి, నొప్పులకు వేసే పట్టీ ఒకటి తెచ్చి దాని మీద అంటించింది. మామా చూడలేదు. రోజూ పొద్దున అవ్వ కొత్త పట్టీ తెస్తుంది.

తాళం సంగతి. బాబా దగ్గర ఒక్కటే ఉంది. బీరువా పగలగొట్టొద్దు, ఆయనకు కోపం వస్తుంది. కొన్నాళ్ళు ఓర్చుకో. ఇదంతా త్వరలో ఖలాస్ అవుతుందని బాబా అంటున్నాడు.

మామా పక్కనే కూర్చుని రాయిస్తోంది: “నా తల్లిని వదలొద్దని రాయి. నీకు నా పిల్లల సాక్షి అని రాయి.” రాశాను.

గాలివీడుకు కార్డు వేశాను.

అక్క
సంజీవమ్మ

జాబ్రియా
6 సెప్టెంబరు, గురువారం

అక్కా,

నీ ఉత్తరం ఆదివారం, రెండో తేదీన అందింది. హజ్జాకు అరబ్బీలో చెప్పుకుంటూ చదివాను. కక్కసు చెప్పుల దగ్గర ఆమె పడి పడి నవ్వింది. నెల తర్వాత నవ్వింది.

వేడినీళ్ళు నీకొక్కదానికే అనుకోకు. ఇక్కడ మేడ మీది ట్యాంకు ఎండకు కాగి, చన్నీళ్ళ కొళాయి తిప్పినా పొగలొస్తున్నాయి. పొద్దున నాలుగు బకెట్లు పట్టి నడవలో పెడితే, సాయంత్రానికి హజ్జా ఒంటికి ఓర్చుకునేంత అవుతాయి. ఏసీ లేదు, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆమెకు వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మారుస్తున్నాను. రొట్టెల కోసం నాలుగింటికి లేచి వరుసలో నిలబడుతున్నాను. మన సత్రంలో అవ్వను నేనే, అతిథి హజ్జా. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోవడం ఒక్కటి నేర్చుకోవాలి.

రజియా బీ మూడు రోజుల కింద వెళ్ళిపోయింది. బస్సులో నాకూ చోటు పెట్టిస్తానంది. పాస్‌పోర్టు లేదన్నాను. “బీరువా పగలగొట్టవే, దేశమే పగిలింది,” అంది. సుత్తి తీసుకుని ఆఫీసు గదిదాకా పోయాను. హజ్జా మంచం మీంచి తలుపులోనుంచి చూస్తూ ఉంది. వాళ్ళింట్లో, ఆమె కళ్ళెదుట ఆ పని నాతో కాలేదు. ఎట్లాగూ నువ్వు వద్దని రాశావు కదా. మంచిదే అయింది.

ఇంకొక విషయం. ఆగస్టు ముప్పైన హజ్జాకు ఒళ్ళు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. ముంజేతి మీద నీ పేరు చూసి, “జపాన్ వాళ్ళు వద్దన్నది దీన్నేనా?” అంది. అడిగితే చెప్పింది. మామా చివరిదాకా నన్నే తీసుకుపోవాలనుకుందట. సత్రంవాళ్ళ కాగితంలో పచ్చబొట్ల సంగతి బాబా చదివాక, నా చేతి మీద ఉందని ఎవరో మామాకు చెప్పారట. “ఎవరు?” అంటే, “నాకేం తెలుసు, మీవాళ్ళలోనే ఎవరో,” అంది.

నేనెప్పుడూ నిండు చేతుల గౌనే వేసుకుంటాను. చూసింది డ్రైవరు అల్లాబకష్ ఒక్కడే, కారు కడుగుతుంటే. “సంజీవమ్మ ఎవురు మే, నీ సవతా?” అని ఎగతాళి చేశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడే చెప్పి ఉంటాడు. నీ జబ్బ మీద ఉన్నది వాడికి తెలియదు కాబట్టి నువ్వు పోగలిగావు. తెలిసి ఉంటే ఇద్దరం ఇక్కడే ఉండేవాళ్ళం. అందుకు వాడికి దండం పెట్టాలి.

కానీ నాకు కోపం తగ్గలేదు. మూడో తేదీ సోమవారం పదింటికి వాడు పికప్ వేసుకుని వచ్చాడు. నేను గేటు తీయలేదు. సందులోంచే మాట్లాడాడు.

“మే సుధా, హజ్జాను వాళ్ళ తమ్ముని కొడుకింట్లో దించుదాం. నిన్ను బస్రా దాకా నేనే తోలుకపోతా. పాస్‌పోర్టు లేకున్నా ఆడ కాగితం రాసిస్తాండారంట. లేయ్, టైమ్ లేదు.”

“నా చేతిమీద ఏముందో ఊరంతా చాటినోనితో నేను రాను. నీ నోటి దూలకే నేనీడ పడుండేది. పో!”

“ఏం చాటినా మే నేను? ఎండకు మతి పోయిందా యేమి?”

“పోతావా, సిపాయిల్ని పిలవాల్నా?”

రొట్టెల సంచి గేటుకు తగిలించి పోయాడు. ఆ రొట్టెలు హజ్జాకు పెట్టాను, నేను తినలేదు. తప్పు చేశానా అక్కా? పెద్దదానివి, నువ్వు చెప్పు.

బట్టలు లేకుండా నీళ్ళలోకి దిగానని సిగ్గుపడి రాశావు. ఎవరు చూశారని? ఆవిరే కదా. సుఖంగా ఉండు. నిన్ను తలుచుకుంటే నాకు అదొక్కటే చల్లగా ఉంది.

సుధారాణి

సత్రం నుంచి
18 సెప్టెంబరు

సుధా,

మామాకు చెప్పింది అల్లాబకష్ కాదు. నేను చెప్పాను.

జులై పదకొండు, బుధవారం, సాయంత్రం. వంటింట్లో నేను కొత్తిమీర గిల్లుతున్నాను. బాబా సత్రం కాగితం చదివి మామాకు చెబుతున్నాడు. పచ్చబొట్టు మాట రాగానే, “సుధా చేతి మీద ఉంది,” అన్నాను. “నీకు?” అంది మామా. “లేదు,” అన్నాను. జబ్బ మీద ఉన్నది కదా, ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆమె చూడలేదు. తిరణాళ్ళలో ఒకే సూదితో, ఒకరి తర్వాత ఒకరం పొడిపించుకున్నాం. నీకు పన్నెండేళ్ళు. నువ్వు ఏడిస్తే నీ చెయ్యి పట్టుకున్నది నేనే.

ఎందుకు అన్నానంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. ఆరేళ్ళుగా జాబ్రియాలో ఆ ఇల్లు, ఆ గోడ, వారానికోసారి చెత్త వేయడానికి గేటు. నువ్వు వచ్చి ఏడాదైనా కాకముందే పిల్లలు నీ వెంట పడ్డారు, మామా ప్రతిదానికీ “సుధా, సుధా” అంటుంది. ఒక్కసారి నన్ను పిలవాలనిపించింది. ఇక్కడ నన్ను అందరూ సుధారాణి అనే పిలుస్తున్నారు.

ఇంకొకటి ఉంది. ఇది మొదటిదానికంటే పాడుది. బీరువా రెండో తాళం మామా గదిలో, అద్దాల అలమరలో, వాడని పెద్ద గహ్వా కాఫీ కూజాలో ఉంది. నాకు మొదటి నుంచీ తెలుసు. నీ ఉత్తరం వచ్చిన రోజే రాయాల్సింది. బాబా ఆ రాత్రి మామాతో అంటుంటే విన్నాను: ఒక సంజీవమ్మ ఇండియా చేరిందని ముద్ర పడితే, ఇక్కడున్న దీన్ని ఎవరని చెప్పుకోవాలి, ఏ దేశంలో దింపాలి అని. నాకు భయం వేసింది. తాళం లేదని రాశాను. నా భయానికి నువ్వు రజియా బీతో పోయే బస్సు పోగొట్టుకున్నావు. నా అబద్ధానికి అల్లాబకష్ పికప్ పోగొట్టుకున్నావు. రెండూ మూడో తేదీ సోమవారమే. నేను ఆ రోజు ఏం చేశానో గుర్తు తెచ్చుకోబోయాను. పొద్దున గుడ్లు తిన్నాం, వేడినీటి గుంటలో బుట్ట వేలాడదీసి ఉడికించినవి.

ఆగస్టు చివరి నుంచి పొద్దున ఐదింటికి లేచి అవ్వతో పాటు తొట్లు తోముతున్నాను. ఆమె వద్దంది. నేను బ్రష్షు వదల్లేదు. ఇప్పుడు ఇద్దరం తోముతాం. బోర్డు కూడా నేనే తుడుస్తాను.

నిన్న నీ ఉత్తరం చదివి, స్నానం గదిలో మామా ఎదుట పట్టీ పీకేశాను. “ఏం రాసుంది?” అంది. “సుధ అని,” అన్నాను. జులైలో ఏం చెప్పానో చెప్పాను. తాళం సంగతీ చెప్పాను. కొడుతుందనుకున్నాను. నీళ్ళలో తన మోకాళ్ళు రుద్దుకుంది. తర్వాత, “అల్‌హందులిల్లా, నా తల్లి దగ్గర మంచిదాన్నే వదిలాను,” అంది. లేచి నా చెయ్యి అందుకోకుండా తనే మెట్లెక్కి పోయింది.

తాళం తియ్యి. నా పాస్‌పోర్టు తీసుకో. అల్లాబకష్‌ను వెతుక్కుని నా పేరు చెప్పి తిట్టించు. హజ్జాను ఆమె తమ్ముడి కొడుకుకు అప్పజెప్పు. మామా ఒప్పుకుంది. ఆమె రాయించలేదు, నేనే అడిగి రాస్తున్నాను. వచ్చే నెల ఇరవై దాకా మేం ఇక్కడే ఉంటాం, తర్వాత కైరో అంటున్నారు. నేనెవరినని చెప్పుకోవాలో నేను చూసుకుంటాను.

దీంతో ఒక కార్డు పెడుతున్నాను. ఆగస్టు రెండున స్నానం చేసి వచ్చి రాశాను, పోస్టు చేయలేదు. చించబోయి ఆగాను. నేనెట్లాంటిదాన్నో నీకు తెలియాలి.

సంజీవమ్మ

(కార్డు. బొమ్మ వైపు సత్రం, వెనక కొండ.)

2 ఆగస్టు, మధ్యాహ్నం

సుధా! ఈ ఇంటిముందు నిలబడి ఇద్దరు నాకు వంగి దండం పెట్టారు. నాకు! ఇప్పుడే వేడినీళ్ళలోంచి లేచాను. ఆరేళ్ళ నడుం నొప్పి ఎటు పోయిందో. నన్ను చూస్తే నువ్వు కుళ్ళుకుని చస్తావు. అక్కడ ఎండలో హజ్జాతో ఏం అవస్థ పడుతున్నావో పాపం. ఇక్కడ ఎంత నిశ్శబ్దమంటే నా గాజులు నాకే వినిపిస్తున్నాయి. – అక్క

జాబ్రియా
2 అక్టోబరు, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరమూ కార్డూ శనివారం పదకొండింటికి ఖాజా హుస్సేన్ అన్న ఇచ్చాడు. రెండూ రెండుసార్లు చదివాను.

ఆ మధ్యాహ్నం హజ్జాకు అన్నం పెట్టలేదు. మరిచిపోయి కాదు. కుక్కరు దించి, మూత పెట్టి, వంటింట్లో కూర్చున్నాను. నీ మీది కోపం మంచాన ఉన్న మనిషి మీద తీర్చుకున్నాను. ఆమె పిలవలేదు. సాయంత్రం ఐదుకు పక్క మార్చడానికి పోతే, తిండి అడగలేదు. “కలైతి?” అంది. నువ్వు తిన్నావా అని. అప్పుడు పెట్టాను. నీ ఉత్తరంలో సిగ్గుపడుతూ రాసినవన్నీ చదివాను కాబట్టి, నాది కూడా ఒకటి రాస్తున్నాను. ఇది ఇంకెవరికీ చెప్పలేను.

మామాకు నా చేతి సంగతి చెప్పావు. అది నిజమే, నా చేతి మీద ఉన్నదే చెప్పావు. దానికి నాకు కోపం లేదు. నీ చేతి మీద లేదన్నావు. అది నా పేరు. దానికే కోపం. ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

తాళం కూజాలోనే ఉంది. నీ పాస్‌పోర్టు తీశాను. ఫోటోలో నువ్వు కొంగు కప్పుకుని, దొంగను చూసినట్టు చూస్తున్నావు.

నిన్న అల్ రాయ్‌కి నడిచిపోయాను. గంటన్నర పట్టింది, రెండుచోట్ల ఆపారు. సగం షెడ్లకు తలుపుల్లేవు. అల్లాబకష్ ఒక షెడ్డు ముందర ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. బస్రాకు రెండు ట్రిప్పులు వేసి మనవాళ్ళను దింపి వచ్చాడట. మూడో ట్రిప్పుకు ముందు సిపాయిలు పికప్ గుంజుకున్నారు.

“ఓహో, గేటు సందులోంచి తిట్టిన నోరు నడిచొచ్చిందే!”

“తప్పయింది అన్నా. చెప్పింది నువ్వు కాదు.”

“మరెవురు మే?”

నీ పేరు నోటిదాకా వచ్చింది. తిట్టించమని నువ్వే రాశావు. “ఎవురో లే,” అన్నాను. వాడు నా చేతి వైపు చూశాడు. గౌను చెయ్యి కిందికి లాక్కున్నాను. అర్థం చేసుకున్నాడో లేదో.

“ఆ రొట్టెలన్నా తిన్నావా?”

“హజ్జా తినింది.”

“నేను తెచ్చినేది నీకు కదమ్మా. ఆ ముసలామెకు పండ్లు యాడున్నాయి?” అని నవ్వాడు. తర్వాత లేచి, ఎవరినో సైకిలు అడిగి, హజ్జా తమ్ముడి కొడుకు ఇంటికి కబురు తీసుకుపోయాడు. అతను రేపు సాయంత్రం నాలుగింటికి కారు తెస్తాడు. హజ్జాకు చెప్పాను. నా ముంజెయ్యి పట్టుకుని నీ పేరు మీద వేలితో రాసింది, “ఇది చెరిపినా పోదా?” అంది. పోదన్నాను. “మంచిది,” అంది. ఏది మంచిదో చెప్పలేదు.

ఈ పొద్దున సాల్మియాలో బస్సు పేర్లు రాసేచోటికి పోయాను. రాస్తున్నది కోనసీమ మనిషి, వెంకటసత్యనారాయణ గారు. నీ పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూశాడు.

“ఏవమ్మా, ఈ ఫోటోలో మనిషికీ మీకూ ముక్కు కలవట్లేదండి.”

గౌను చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టాను. వంగి చదివాడు.

“సంజీవమ్మ. బాగుందండీ! మా వైపు మొగుడి పేరు పొడిపించుకుంటారు. మీరేంటండీ, మీ పేరే పొడిపించుకున్నారు? మర్చిపోతారనా?”

వెనక వరుసలో నవ్వారు. నేను తల ఊపాను. ఆయన రాసుకున్నాడు. ఆ చేతి మీది పేరుతో నువ్వు నన్ను ఇక్కడ ఉంచావు. అదే పేరుతో నేను పోతున్నాను. నేను ఆడిన అబద్ధం కూడా నీ ఖాతాలో వెయ్యను, నాదే.

గాలివీడులో శివపార్వతికి నువ్వు పంపిన కార్డు అందిందో లేదో. అందితే, నువ్వు జపాన్‌లో ఉన్నావు కాబట్టి దిగేది నేనే అని తెలుస్తుంది. లేకపోతే పేర్ల పట్టీ చూసి నువ్వు వస్తున్నావనుకుంటారు.

నీ కార్డు సంచిలో పెట్టుకున్నాను. దాన్ని ఏం చేయాలో ఇంకా అనుకోలేదు. అవ్వకు నా దండం చెప్పు. పట్టీ మళ్ళీ వేసుకోకు.

సుధారాణి

రాయడం మరిచాను. బస్సు ఎల్లుండి, గురువారం, అక్టోబరు నాలుగున ఉదయం ఆరు గంటలకు. ఐదుకల్లా గేటు దగ్గర ఉండాలి. ఎక్కించే ముందు పేర్లు చదువుతారు. నాది నలభై ఒకటోది. “సంజీవమ్మ” అని ఒక్కసారే పిలుస్తారట, పలకకపోతే తర్వాతి పేరుకు పోతారట. నేను పలకాలి.